ఫైర్ కాలేజీ ఫ్రీ స్పీచ్ ర్యాంకింగ్స్: ర్యాంకు పక్కన పెట్టి, లోపలి లెక్కలు చూడండి

అమెరికాలో ఏ క్యాంపస్‌లో నలుగురికీ నచ్చని మాట ధైర్యంగా అనొచ్చో, ఎక్కడ నోరు కట్టుకుని కూర్చోవాలో అంకెల్లో చెప్పే ప్రయత్నాల్లో బాగా పేరున్నది భావప్రకటన స్వేచ్ఛ కోసం పనిచేసే ఫైర్ (FIRE) సంస్థ ర్యాంకింగ్స్. ఈ సంస్థను 1999లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ప్రొఫెసర్ అలన్ చార్లెస్ కోర్స్, లాయర్ హార్వీ సిల్వర్‌గ్లేట్ కలిసి పెట్టారు. ర్యాంకింగ్స్ 2020లో 55 కాలేజీలతో మొదలయ్యాయి. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన 2026 ఎడిషన్‌లో 257 కాలేజీలు, 68,510 మంది విద్యార్థుల జవాబులు ఉన్నాయి. చూడటానికి పైసా కట్టక్కర్లేదు. పిల్లల అడ్మిషన్ల కోసం తల్లిదండ్రులు దీన్ని తెరిచి, పైనుంచి కిందికి జాబితా చూసి మూసేస్తుంటారు. అలా చూస్తే దండగ. లోపలి డేటా నిజంగా పనికొస్తుంది, దాని మీద అతికించిన ర్యాంకు మాత్రం అంతగా పనికిరాదు.

ర్యాంకు సంగతి ముందు తేల్చేద్దాం. విడుదలైన ఏడాది ప్రకారం చూస్తే, మొదటి స్థానం 2020లో షికాగోది, 2021లో క్లేర్‌మాంట్ మెకెన్నాది, 2022లో మళ్లీ షికాగోది, 2023లో మిషిగన్ టెక్‌ది, 2024లో వర్జీనియాది, 2025లో మళ్లీ క్లేర్‌మాంట్‌ది. క్యాంపస్ వాతావరణం ఏడాదిలో ఇంతగా మారదు. మారేది శాంపిల్. 68,510ని 257తో భాగిస్తే కాలేజీకి సగటున 267 మంది. అంతమందిని అడిగి తీసిన ఏ శాతానికైనా అటూ ఇటూ ఆరు పాయింట్ల తేడా ఉండొచ్చు. ఒక చోట 50 శాతం, మరో చోట 55 శాతం అని కనబడితే ఆ రెండూ ఒకటే అనుకోవడం మంచిది. జాబితా మధ్యలో స్కోర్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి 90వ ర్యాంకుకూ 130వ ర్యాంకుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉందని ఎవరూ నిరూపించలేరు. పై పాతిక, కింది పాతిక కాలేజీల్ని మాత్రం కాస్త సీరియస్‌గా తీసుకోవచ్చు.

లెటర్ గ్రేడ్లు కూడా అంతకన్నా నయమేమీ కాదు. 2026 ఎడిషన్‌లో 257లో 166 కాలేజీలకు ఎఫ్ పడింది. మొదటి స్థానంలో ఉన్న క్లేర్‌మాంట్‌కే బి మైనస్. దాదాపు మూడింట రెండొంతుల కాలేజీల్ని ఫెయిల్ చేసే గ్రేడు పత్రికల హెడ్‌లైన్‌కి బాగుంటుంది గానీ, ఆ ఫెయిలైన వాళ్లలో ఎవరు మేలో చెప్పదు. 2024 ఎడిషన్‌లో హార్వర్డ్‌కి 0.00 అని చూపించారు. అసలు లెక్క మైనస్ 10.69కి వస్తే సున్నా దగ్గర ఆపారు. వక్తల్ని అడ్డుకున్న, ప్రొఫెసర్ల మీద చర్యలు తీసుకున్న ఘటనలకు పాయింట్లు కోస్తారు కాబట్టి, అందరి కళ్లూ తనమీదే ఉండే పెద్ద యూనివర్సిటీకి కోత ఎక్కువ పడుతుంది. ఎవరినీ పిలవని చిన్న కాలేజీకి ఏ కోతా ఉండదు.

ఇక లోపలికి వెళ్దాం. సర్వేలో అన్నిటికన్నా విలువైన భాగం "మాట్లాడటానికి ఇబ్బంది లేదా" అన్న విభాగం. ఐదు సందర్భాలు ఇచ్చి ఎంత సౌకర్యంగా ఉంటుందో అడుగుతారు: వివాదాస్పద రాజకీయ అంశం మీద ప్రొఫెసర్‌తో బహిరంగంగా విభేదించడం, అదే విభేదాన్ని రాతపూర్వక అసైన్‌మెంట్‌లో రాయడం, క్లాసులో చర్చ జరుగుతుంటే అభిప్రాయం చెప్పడం, డైనింగ్ హాల్ లాంటి చోట తోటి విద్యార్థుల ముందు చెప్పడం, సొంత పేరున్న సోషల్ మీడియా ఖాతాలో రాయడం. మొత్తం స్కోరు చూడకుండా ఈ ఐదింటినీ విడివిడిగా, జాతీయ సగటు పక్కన పెట్టి చూడండి. అసైన్‌మెంట్‌లో రాయడానికే భయపడుతున్నారంటే మార్కులు పోతాయన్న భయం, అంటే సమస్య ప్రొఫెసర్ల దగ్గర ఉంది. అసైన్‌మెంట్‌కి ఇబ్బంది లేదు, డైనింగ్ హాల్లోనే నోరు పెగలదు అంటే భయం తోటివాళ్లది. మొదటిదానికి డిపార్ట్‌మెంట్ మార్చుకోవచ్చు, కోర్సు మార్చుకోవచ్చు. రెండోది నాలుగేళ్లూ హాస్టల్ గదిదాకా వెంటాడుతుంది.

సహనానికి సంబంధించి రెండు స్కోర్లున్నాయి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. లిబరల్, కన్సర్వేటివ్ అభిప్రాయాలున్న ఊహాత్మక వక్తల్ని ఇచ్చి, వీళ్లని క్యాంపస్‌లో మాట్లాడనివ్వాలా అని అడుగుతారు. రెండు వర్గాల పట్ల సహనంలో తేడా ఎంతో ఒక స్కోరు, సగటు సహనం ఎంతో మరో స్కోరు. తేడా స్కోరు ఒక్కటే చూస్తే, ఇద్దరినీ సమానంగా గెంటేసే క్యాంపస్ కూడా నిష్పాక్షికంగా కనబడుతుంది. రెండూ కలిపి చదవాలి. తేడా తక్కువ, సగటు ఎక్కువ ఉన్న చోటే మంచి చోటు.

వక్తల్ని అడ్డుకోవడం గురించిన ప్రశ్నలకు జవాబులు "ఎప్పుడూ సరే" నుంచి "ఎప్పుడూ కాదు" దాకా నాలుగు మెట్లు. వార్తల్లో "మూడోవంతు విద్యార్థులు హింసకు సై" అని వచ్చే అంకెలో "అరుదుగా అయితే సరే" అన్నవాళ్లు కూడా కలిసే ఉంటారు. భయపడాల్సిన అంకే, కానీ ఆ హెడ్‌లైన్ చెప్పినంత కాదు.

ఏ అంశాల మీద నిజాయతీగా మాట్లాడుకోవడం కష్టం అన్న జాబితా కూడా చూడదగ్గదే. అబార్షన్, తుపాకుల నియంత్రణ, ట్రాన్స్‌జెండర్ హక్కులు, ఇజ్రాయెల్-పాలస్తీనా అందులో ఉంటాయి. 2023 అక్టోబర్ తర్వాత చివరిది బాగా పైకెక్కింది. అయితే ఇది అమెరికన్ రాజకీయాల జాబితా. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చినప్పుడు మనవాళ్ల మధ్య జరిగిన వాదోపవాదాలు ఇలాంటి సర్వేల కంట పడవు.

ర్యాంకింగ్స్ కన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఫైర్ వారి స్పీచ్ కోడ్ డేటాబేస్ మీద. కాలేజీ రాతపూర్వక నిబంధనల్ని చదివి, అవి మాటను ఎంత కట్టడి చేస్తాయో చూసి గ్రీన్, యెల్లో, రెడ్ లైట్లు వేస్తారు. మాటకన్నా వేరే విలువలకే మా దగ్గర పెద్దపీట అని బాహాటంగా చెప్పే బ్రిగమ్ యంగ్, హిల్స్‌డేల్ లాంటి ప్రైవేటు కాలేజీలకు "వార్నింగ్" అని ఇచ్చి విడిగా లెక్కిస్తారు. ఇందులో తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. ఒక్క విధానం రెడ్ అయినా మొత్తం కాలేజీకి రెడ్ పడుతుంది. నిబంధనలు లాగిన్ వెనక దాచిపెట్టినా రెడ్డే. కాబట్టి రంగు చూసి ఆగిపోకుండా, ఏ విధానానికి ఆ రంగు పడిందో నొక్కి, అసలు పాఠం చదవండి. నెట్‌వర్క్ వాడకం రూల్స్‌లో ఎప్పుడో పాతకాలంలో రాసిన "అభ్యంతరకర ఈమెయిళ్లు" అన్న ఒక్క వాక్యం వల్ల పడిన రెడ్ వేరు, వేధింపుల విధానం వల్ల పడిన రెడ్ వేరు. రెండోదాంతో మనిషి విచారణ కమిటీ ముందు కూర్చోవాల్సి వస్తుంది.

వేధింపుల విధానంలో నిర్వచనం వెతకండి. అమెరికా సుప్రీంకోర్టు 1999లో డేవిస్ వర్సెస్ మన్రో కౌంటీ కేసులో, తోటి విద్యార్థి వేధింపులకు విద్యాసంస్థ జవాబుదారీ కావాలంటే అవి తీవ్రంగానూ, విస్తృతంగానూ, ఎవరు చూసినా అభ్యంతరకరంగానూ ఉండాలని చెప్పింది. ఈ మూడూ కలిసి ఉండాలి. కాలేజీ పాఠంలో "తీవ్రమైన లేదా విస్తృతమైన" అని ఉంటే వల పెద్దదైందన్నమాట. "అవాంఛిత వ్యాఖ్య" అని మాత్రమే ఉంటే ఎవరి మనసు నొచ్చుకున్నా ఫిర్యాదు పెట్టొచ్చు. తర్వాత సభలు, ప్రదర్శనల రూల్స్ తెరవండి: ఎన్ని గంటల ముందు అనుమతి అడగాలి, ఎక్కడెక్కడ, ఏ వేళల్లో. 2024 వసంతంలో గాజా యుద్ధం మీద క్యాంపస్‌లలో జరిగిన టెంట్ల నిరసనల తర్వాత చాలా చోట్ల వీటిని తిరగరాశారు. ఇండియానా యూనివర్సిటీ ఆ ఏడాది ఆగస్టు నుంచి రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా భావప్రకటన కార్యక్రమాలే వద్దంది, కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అందుకే పాఠం మీద సవరించిన తేదీ చూడాలి. 2024కి ముందుదైతే కాలేజీ సైట్‌లో తాజా ప్రతి వెతుక్కోండి. చివరగా సెక్యూరిటీ ఖర్చు. వక్త ఏం మాట్లాడతాడో, జనం ఎంత రెచ్చిపోతారో చూసి ప్రభుత్వం ఫీజు పెంచకూడదని 1992 ఫోర్సిత్ కౌంటీ తీర్పు. హాల్ సైజు, హాజరు లాంటి లెక్కలు రాసిపెట్టిన చోట ఫర్వాలేదు, "అధికారుల విచక్షణ మేరకు" అని ఉంటే వివాదాస్పద వక్తను పిలిచే క్లబ్‌కి బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

పబ్లిక్, ప్రైవేటు తేడా మర్చిపోవద్దు. భావప్రకటన స్వేచ్ఛను కాపాడే మొదటి రాజ్యాంగ సవరణ నేరుగా కట్టేసేది ప్రభుత్వ యూనివర్సిటీలనే. ప్రైవేటు కాలేజీ దగ్గర హ్యాండ్‌బుక్‌లో ఇచ్చిన మాటే దిక్కు. కాలిఫోర్నియాలో మాత్రం 1992 నాటి లియోనార్డ్ చట్టం మతసంస్థలు కాని ప్రైవేటు కాలేజీలకూ దాదాపు అదే రక్షణ విస్తరించింది. షికాగో స్టేట్‌మెంట్‌ని (భావప్రకటన స్వేచ్ఛకు కట్టుబడతామని షికాగో యూనివర్సిటీ రాసుకున్న ప్రకటన) ఆమోదించాం అని గొప్పగా చెప్పుకునే కాలేజీలు వంద దాటాయి. ఆ కాగితానికి మార్కులు వేసే ముందు, గొడవ వచ్చినప్పుడు ప్రెసిడెంట్ ఏం చేశారో చూడాలి.

అది చూడటానికి ఫైర్ దగ్గరే వక్తల్ని అడ్డుకున్న ఘటనల డేటాబేస్, ప్రొఫెసర్ల మీద చర్యల డేటాబేస్ ఉన్నాయి. ఎన్ని ఘటనలో లెక్కపెట్టొద్దు. ఒక్కొక్కటీ తెరిచి, ఒత్తిడి ఎవరి దగ్గర్నుంచి వచ్చింది (విద్యార్థులా, దాతలా, చట్టసభ్యులా), కాలేజీ లొంగిందా నిలబడిందా అని చూడండి. పది సార్లు ఒత్తిడి వచ్చి తొమ్మిది సార్లు నిలబడిన చోటు, ఒక్కసారి వచ్చి ఒక్కసారీ లొంగిన చోటుకన్నా మేలు. ఫైర్ కుడిపక్ష దాతల సొమ్ముతో నడుస్తుందన్న విమర్శ ఉంది కాబట్టి, ఘటన వర్ణనను కాలేజీ విద్యార్థి పత్రికతో సరిచూసుకోవడం మంచి అలవాటు. ఆ పత్రికలోనే గత మూడు నెలల ఒపీనియన్ పేజీలు తిరగేయండి. వ్యాసానికి ప్రతివ్యాసం పడుతుందా, పడితే సంపాదకులు క్షమాపణ చెబుతున్నారా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

క్యాంపస్ టూర్‌కి వెళ్తే గైడ్‌ని అడిగి లాభం లేదు, అతన్ని పెట్టుకుంది అడ్మిషన్స్ ఆఫీసు. డైనింగ్ హాల్లో విద్యార్థుల్ని అడగండి. "ఇక్కడ స్వేచ్ఛ ఉందా" అంటే అందరూ ఉందనే అంటారు. "పోయిన సెమిస్టర్ క్లాసులో ప్రొఫెసర్‌ని ఎవరైనా ఎదిరించారా, ఏమైంది", "ఈ ఏడాది వచ్చిన వక్తల్లో నీకు అస్సలు నచ్చనిది ఎవరు, చివరిదాకా మాట్లాడనిచ్చారా" అని అడిగితే జవాబులో పస ఉంటుంది.

క్యాంపస్‌లలో భిన్నాభిప్రాయాల కోసం పనిచేసే హెటిరోడాక్స్ అకాడమీ (2015లో మొదలైంది) వారి క్యాంపస్ ఎక్స్‌ప్రెషన్ సర్వే దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది కాలేజీలు తమ దగ్గర తామే జరుపుకోవడానికి ఇచ్చిన ప్రశ్నావళి. మీరు చూస్తున్న కాలేజీ దాన్ని వాడి ఫలితాలు బయటపెట్టి ఉంటే అదృష్టం, చదవండి.

ఎమ్మెస్‌కి వెళ్లేవారికి ఈ సాధనం సగమే పనికొస్తుంది. సర్వే చేసేది అండర్‌గ్రాడ్‌లనే, గ్రాడ్యుయేట్ విద్యార్థుల్ని అడగరు. సర్వే అంకెలు వదిలేసి స్పీచ్ కోడ్ డేటాబేస్ వరకే వాడుకోండి. ఎఫ్-1 వీసా మీద ఉండే రిస్కు ఏ ర్యాంకులోనూ లేదు. 2025 మార్చిలో టఫ్ట్స్ యూనివర్సిటీలో క్యాంపస్ పత్రికకు వ్యాసం రాసిన నలుగురిలో ఒకరైన విదేశీ పీహెచ్‌డీ విద్యార్థినిని అరెస్టు చేశారు. ఆ విషయంలో చర్య తీసుకున్నది ఫెడరల్ ప్రభుత్వం, కాలేజీ కాదు. అదే ఏడాది ఇలాంటి చర్యల మీద ఫైర్ స్వయంగా కోర్టుకెక్కింది. ఆ వసంతంలోనే వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే వాళ్ల వీసా హోదాను నమోదు చేసే ఫెడరల్ డేటాబేస్‌లోని రికార్డులు, (ఎక్కువగా వేరే కారణాలతో) రద్దయినప్పుడు చాలా కాలేజీలకు ఆ డేటాబేస్ తెరిచి చూసుకుంటే గానీ తెలియలేదు. కాబట్టి ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) వచ్చాక ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఒక ఈమెయిల్ పెట్టండి: సెవిస్ రికార్డుల్ని ఎన్ని రోజులకోసారి సరిచూస్తారు, తేడా కనబడితే విద్యార్థికి ఎంతసేపట్లో చెబుతారు, ఇమ్మిగ్రేషన్ లాయర్ ఖర్చు కాలేజీ భరిస్తుందా. మూడింటికీ సూటిగా జవాబిచ్చిన ఆఫీసుని నమ్మొచ్చు. బ్రోషర్ లింకు పంపి చేతులు దులుపుకుంటే, ర్యాంకు ఎంత పైన ఉన్నా ఆ కాలేజీని జాబితాలో ఒక మెట్టు కిందికి దించండి.