జెంబ్రానా మకెపుంగ్ పందేనికి ఒకరోజు యాత్ర: ఒక సమీక్ష

బాలి దక్షిణ తీరంలో బస చేసినవారిని పశ్చిమాన ఉన్న జెంబ్రానా జిల్లాకు తీసుకువెళ్లి, అక్కడి రైతులు జరుపుకొనే మకెపుంగ్ అనే దున్నపోతుల బండ్ల పందేన్ని చూపించి, సాయంత్రానికి వెనక్కి చేర్చే యాత్రా సేవను మేము గత ఆగస్టులో తీసుకున్నాము. పందేలు పొద్దున్నే మొదలవుతాయి. బాలి రాజధాని దేన్‌పసార్ నుంచి జెంబ్రానాలోని నెగారా పట్టణం సుమారు 95 కిలోమీటర్ల దూరం. జావా దీవికి ఓడలు బయలుదేరే గిలిమనుక్ రేవుకు వెళ్లే ఆ రహదారిపై లారీల రద్దీ ఎక్కువ. అందువల్ల తెల్లవారుజామున మూడు గంటలకే బయలుదేరదీసిన నిర్వాహకుల నిర్ణయం సరైనదే.

ఈ యాత్రకు ప్రాణం పోసినవాడు మా మార్గదర్శి. నెగారా ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టిన ఆ యువకుడు, కోసిన వరిని చికార్ అనే బండ్లపై ఇంటికి చేర్చే రోజుల్లో రైతులు ఒకరినొకరు తరుముకుంటూ సాగించిన సరదాయే ఈ పందెంగా మారిందని, మకెపుంగ్ అన్న మాటకు అర్థం కూడా వెంటాడడమేనని దారిలోనే చెప్పాడు. గెలుపు నిర్ణయించే పద్ధతిని అతడు వివరించకపోయి ఉంటే మాకు ఏమీ అర్థమయ్యేది కాదు. రెండు బండ్లు పక్కపక్కన కాక, ఒకదాని వెనుక ఒకటి సుమారు పది మీటర్ల ఎడంతో బయలుదేరుతాయి. గమ్యం దగ్గర ఆ ఎడం తగ్గితే వెనుక బండి, పెరిగితే ముందు బండి గెలిచినట్టు. దారి ఇరుకైనందున దాటిపోవలసిన అవసరం లేకుండా పెట్టుకున్న ఈ నియమం నాకు ఎంతో ముచ్చటగా తోచింది. పోటీపడే రెండు జట్లలో ఇజో గాడింగ్ నదికి తూర్పున ఉన్నవారిది ఎర్ర జెండా, పడమటివారిది ఆకుపచ్చ జెండా. పెద్ద వెదురు గొట్టాలతో చేసిన జెగోగ్ వాద్యాల మోత నేలలోంచి పాదాలకు తెలుస్తుంది.

లోపాలు లేకపోలేదు. ఫలితం తేలేది గమ్యం దగ్గర కాగా, మమ్మల్ని బయలుదేరే చోట పందిరి కింద కూర్చోబెట్టారు. మేము గట్టిగా అడిగిన తరువాతే చోటు మార్చారు. ప్రకటనలో బురద చిమ్ముతున్న వరిమడి చిత్రాలు వేశారు. అది మకెపుంగ్ లంపిట్ అనే వేరే పందెం. మేము చూసినది పొడి మట్టి బాటపై జరిగేది. ఈ తేడాను డబ్బు తీసుకునే ముందే చెప్పవలసింది. తోలేవారు మేకులు దిగ్గొట్టిన కర్రతో కొట్టినప్పుడు దున్నల వీపుపై రక్తం కనిపిస్తుంది. మా పాప అది చూసి చాలాసేపు ఏడ్చింది. పిల్లలతో వచ్చేవారికి ఈ సంగతిని ముందుగా తెలియజేయడం నిర్వాహకుల బాధ్యత అని నేను గట్టిగా భావిస్తున్నాను.

భోజనం సాధారణంగా ఉంది, తిరుగు ప్రయాణం సాఫీగా సాగింది. ఈ సేవను తీసుకోదలచినవారు గమ్యం దగ్గరే చోటు కావాలని, స్థానిక రైతు కుటుంబాల నుంచి వచ్చిన మార్గదర్శినే పంపాలని ముందుగా రాతపూర్వకంగా అడగాలి.