అక్టోబర్‌లో ఏ కొండకి? సియురానా, కాలిమ్నోస్, లియోనిడియో

మ్యూనిక్‌లో నేను వెళ్లే క్లైంబింగ్ జిమ్‌లో మన తెలుగువాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. ఆగస్టు వచ్చిందంటే వాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "అక్కా, దసరా సెలవులకి ఎటు వెళ్దాం?" మూడేళ్లలో మూడు చోట్లకి వెళ్లొచ్చాను కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను లీడ్ చేసేది, అంటే గోడలోని బోల్టులకి తాడు తగిలించుకుంటూ ముందుగా ఎక్కేది, 6ఏ, బాగా కుదిరిన రోజు 6బి. ఇవి రూట్ ఎంత కష్టమో చెప్పే గ్రేడులు, అంకె, అక్షరం పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది. నా అభిప్రాయాలన్నీ ఆ స్థాయినుంచి చెప్తున్నవే.

మొదట వెళ్లింది స్పెయిన్‌లోని సియురానా. కాటలోనియాలో, కొండ అంచున నిలబడ్డ చిన్న రాతి ఊరు. కింద లోయలో జలాశయం, చుట్టూ నారింజ, బూడిద రంగుల సున్నపురాతి గోడలు. అంత అందమైన ఊరు నేను చూడలేదు. కానీ రాయి నిటారుగా ఉంటుంది, పట్టులు వేలికొసలకి మాత్రమే అందుతాయి, గ్రేడులు చాలా కఠినం. జిమ్‌లో సులువుగా ఎక్కే 6ఏ అక్కడ రెండో బోల్టు దగ్గరే నన్ను ఆపేసింది. లా రాంబ్లా లాంటి 9ఏ+ రూట్ ఉన్న చోటు అది. గట్టివాళ్లు ఏళ్ల తరబడి వచ్చి సాధన చేస్తారు. 7ఏ ఎక్కేవాళ్లకి స్వర్గం, నాలాంటివాళ్లకి వారం రోజులు ఎక్కువ. కారు తప్పనిసరి. సరుకులకి కింద కోర్నుడెల్లా ఊరి దాకా దిగాలి. అక్టోబర్ చివర్లో రాత్రిళ్లు కొండమీద గాలికి టెంట్‌లో నిద్ర పట్టలేదు, మూడో రోజుకే గదికి మారాం.

ఆ ట్రిప్‌లో నేర్చుకున్నది ఒకటుంది. శరదృతువులో చోటు ఎంచుకునేటప్పుడు రూట్ల సంఖ్య కన్నా ముందు ఆ గోడ మీదికి ఎండ ఏ వేళకి వస్తుందో చూడాలి. అక్టోబర్ మధ్యధరా ఎండని తక్కువ అంచనా వేయకూడదు. రాయి వేడెక్కితే చేతులు చెమటపట్టి జారతాయి, చేతులకి ఎంత చాక్ పొడి పూసినా లాభం ఉండదు. అదే నెలలో నీడలో నిలబడితే స్వెట్టర్ కావాలి.

ఆ లెక్కతోనే మరుసటి ఏడు గ్రీసులోని కాలిమ్నోస్ ద్వీపం ఎంచుకున్నాను. హైదరాబాద్ నుంచి తమ్ముడు కూడా వచ్చాడు. వాడి వీసా విషయం ముందే చెప్తాను, ఇంట్లోవాళ్లని రప్పించుకునేవాళ్లకి పనికొస్తుంది. షెంగెన్ వీసాకి ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. మా దగ్గర నాలుగు రోజులు, గ్రీసులో తొమ్మిది రోజులు ఉండేలా వేసుకున్నాం కాబట్టి గ్రీసుకే పెట్టాడు.

కాలిమ్నోస్‌కి దారి తేలికే. సీజన్‌లో మ్యూనిక్ నుంచి కోస్ ద్వీపానికి నేరుగా విమానాలుంటాయి. కోస్ విమానాశ్రయం నుంచి మస్తిఖారి రేవుకి టాక్సీలో పది నిమిషాలు, అక్కడినుంచి కాలిమ్నోస్ రేవు పట్టణం పోతియాకి పడవలో ముప్పావు గంట. ఒక్క జాగ్రత్త: గాలి ఎక్కువైతే పడవలు ఆగిపోతాయి. తిరుగు ప్రయాణంలో మాకు అదే జరిగింది. ఒక రాత్రి ముందే కోస్‌కి వెళ్లాలనుకోవడం వల్ల విమానం అందింది గానీ ఆ సాయంత్రం రేవులో పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. అక్టోబర్ చివరికి నేరు విమానాలు తగ్గిపోతాయి, ఆ తర్వాత ఏథెన్స్ మీదుగా వెళ్లాలి.

క్లైంబర్లందరూ ఉండేది మసూరి, ఆర్మియోస్, మిర్టీస్ అనే ఊళ్లలో. మేం మసూరిలో చిన్న వంటగది ఉన్న స్టూడియో తీసుకున్నాం, రాత్రికి 45 యూరోలు. బాల్కనీలో కూర్చుంటే ఎదురుగా సముద్రంలో టెలెండోస్ ద్వీపం, వెనక గోడలన్నీ నడక దూరంలో. గ్రాండే గ్రొట్టా గుహకి ఇరవై నిమిషాల ఎక్కుడు. కారు లేకుండా వారమంతా గడపవచ్చన్నది కాలిమ్నోస్‌కి ఉన్న పెద్ద సౌకర్యం.

ఊరి పైనున్న గోడలు ఎక్కువగా పడమటి వైపు చూస్తాయి. మధ్యాహ్నం ఒంటిగంట దాకా నీడ, ఆ తర్వాత ఎండ. ఒడిస్సీ అనే సెక్టార్‌కి (గోడల్లో ఒక భాగానికి) ఎండ ఇంకొంచెం ఆలస్యంగా వస్తుంది. అందుకని రోజూ ఏడున్నరకే బయల్దేరి, ఒంటిగంటకి దిగి, సముద్రంలో ఈతకొట్టి, అన్నం వండుకుని పడుకునేవాళ్లం. ఎండ వచ్చాక కూడా మొండిగా ఎక్కేవాళ్లని చూశాను. సగంలో చేతులు విడిచేస్తున్నారు.

రాయి గురించి చెప్పాలంటే ముందు బొర్రా గుహలు గుర్తు చేసుకోవాలి. అక్కడ పైనుంచి వేలాడే సున్నపురాతి ఊడలున్నాయి కదా, కాలిమ్నోస్‌లో అలాంటివి బయటి గోడలమీద మర్రి ఊడల్లా దిగి ఉంటాయి. తూఫా అంటారు. హైదరాబాద్ గ్రానైట్ మీద పాదాల నైపుణ్యంతో పెరిగిన తమ్ముడు మొదటిరోజు వాటిని ఎలా పట్టుకోవాలో తెలియక చాలా ఇబ్బంది పడ్డాడు. మూడో రోజుకి ఊడని మోకాళ్ల మధ్య బిగించి, రెండు చేతులూ వదిలి, "అక్కా, ఇక్కడ కూర్చోవచ్చే!" అని పైనుంచి అరిచాడు. వాడి మొహంలో ఆ సంతోషం చూడటానికే ఆ ట్రిప్ మొత్తం చేసినట్టనిపించింది. 5సి నుంచి 6బి దాకా మంచి రూట్లు కావలసినన్ని, గ్రేడులు కూడా దయగా ఉంటాయి.

రూట్లు పొడవు. 70 మీటర్ల తాడు కనీసం ఉండాలి, 80 అయితే నిశ్చింత. తాడు చివర ముడి వేయకుండా ఎవర్నీ దింపకండి, దయచేసి. పక్క రూట్‌లో ఒకాయన్ని దింపుతుంటే తాడు చివర బిలే చేసే ఆమె, అంటే కింద తాడు పట్టుకుని కాపాడే ఆమె, చేతికొచ్చేసింది. ముడి ఉంది కాబట్టి సరిపోయింది. హెల్మెట్ కూడా తీయకండి, పైన మేకలు తిరుగుతూ రాళ్లు దొర్లిస్తుంటాయి.

దూరపు సెక్టార్లకి స్కూటర్ కావాలి. తమ్ముడు ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకొచ్చాడు, నా జర్మన్ కారు లైసెన్స్‌కి 50 సీసీ బండి మాత్రమే వస్తుంది. మాకిచ్చిన మొదటి బండికి వెనక బ్రేకు సరిగా పడలేదు. షాపు వాకిట్లోనే తోలి చూసుకున్నాం కాబట్టి మార్చుకోగలిగాం. ఆ మలుపుల రోడ్డుమీద తెలిసి ఉంటే ఏమయ్యేదో!

తిండికి శాకాహారులకి ఇబ్బంది లేదు. బార్లీ రస్కు ముక్కలమీద టమాటా, ఉల్లి, చీజ్ వేసిన మెర్మిజెలి అక్కడి సొంత వంట. పెద్ద చిక్కుడు గింజల కూర, బియ్యం కూరిన టమాటాలు దొరుకుతాయి. కారం మాత్రం ఉండదు, కందిపొడి వెంట ఉండాల్సిందే.

మా స్టూడియో యజమానురాలు డెబ్బై ఏళ్ల పెద్దావిడ, వాళ్ల నాన్నగారు సముద్రంలో స్పాంజీలు తీసేవారట. ఈ ద్వీపం తరతరాలుగా బతికింది ఆ పనిమీదే. లోతుకి దిగి త్వరగా పైకొచ్చిన ఎందరో కాళ్లు పడిపోయి తిరిగొచ్చారు. వణికే కాళ్లతో కర్ర పట్టుకుని ఆడే ఒక నృత్యం వాళ్ల గుర్తుగా ఇప్పటికీ ఉంది. 1986లో స్పాంజీలకి తెగులు పట్టి ఆ బతుకుతెరువు కూలిపోయింది. ఆ తర్వాత 1990ల చివర్లో ఇటలీ క్లైంబర్ ఆంద్రియా డి బారి ఈ గోడలమీద మొదటి రూట్లు తెరిచాడు. ఆవిడ తాడు చుట్ట భుజాన వేసుకున్న మమ్మల్ని చూసి రోజూ పొద్దున్నే "జాగ్రత్త" అని చెప్పి తైమ్ తేనె రాసిన రొట్టె చేతిలో పెట్టేవారు. ఆ మాట ఆవిడ ఊరికే అనడం లేదని పోతియాలో స్పాంజీల మ్యూజియం చూశాక అర్థమైంది.

మూడోది, గ్రీసులోనే ఉన్న లియోనిడియోకి పోయినేడు నవంబర్ మొదట్లో వెళ్లాను. ఏథెన్స్ నుంచి కారులో మూడున్నర గంటలు. ఎర్రటి గోడల కింద నిజంగా రైతులు బతికే ఊరు. మసూరిలో నవంబర్‌కి హోటళ్లు తలుపులు మూస్తాయి, ఇక్కడ ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. నీడలో చలి, ఎండలో హాయి, అంటే లెక్క కాలిమ్నోస్‌కి తలకిందులు. రెండు రోజులు వాన తగిలింది. ఊరి పేరుమీద గుర్తింపు పొందిన తెల్లచారల వంకాయ ఒకటుంది, తియ్యగా, చేదు లేకుండా ఉంటుంది. గదిలో గుత్తివంకాయ వండితే పక్కగది ఇటలీ జంట గిన్నె తెచ్చుకున్నారు.

ఇవి కాక స్పెయిన్‌లోని ఎల్ చోరోకి మలగా నుంచి రైల్లోనే వెళ్లవచ్చు గానీ అక్టోబర్‌కి అక్కడ ఇంకా వేడి, నవంబర్ తర్వాతే చూడాలి. ఇటలీలోని ఆర్కో మాకు కారులో దగ్గరే అయినా శరదృతువు వానలమీద నాకు నమ్మకం లేదు.

మొదటిసారి వెళ్లేవాళ్లు, 6బి లోపు ఎక్కేవాళ్లు, అక్టోబర్‌లో అయితే కాలిమ్నోస్‌కే వెళ్లండి. వచ్చే అక్టోబర్‌కి మేమూ అక్కడికే. ఈసారి అమ్మ కూడా వస్తోంది. మోకాళ్ల నొప్పులు కాబట్టి మిర్టీస్‌లో టెలెండోస్ పడవ రేవుకి దగ్గరగా, మెట్లు లేని గది చూడమని పెద్దావిడకి రాశాను. నిన్ననే జవాబు వచ్చింది, వాళ్ల చెల్లెలి ఇంట్లో కింది గది ఉందట.