సర్కారు ఆసుపత్రికి డాక్టర్ రావాలంటే ఏది మేలు: జీతమా, పీజీ సీటా, బాండా?

ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ లేడన్న వార్త వచ్చినప్పుడల్లా ఒకటే మాట వినిపిస్తుంది: జీతాలు పెంచండి, వాళ్లే వస్తారు. ఇందులో నిజం లేకపోలేదు, కానీ అన్ని ఖాళీలూ ఒక రకం కావు. స్టాఫ్ నర్సు ఖాళీ వేరు, పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఎంబీబీఎస్ డాక్టర్ ఖాళీ వేరు, ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, మత్తు డాక్టర్ ఖాళీ వేరు.

నర్సుల సంగతి త్వరగానే తేలిపోతుంది. చాలా ప్రైవేటు ఆసుపత్రులు ఇచ్చేదాని కంటే సర్కారు రెగ్యులర్ స్కేలే మెరుగు. అందుకే నోటిఫికేషన్ పడితే చాలు, పోస్టులకు ఎన్నో రెట్లు దరఖాస్తులు వస్తాయి. ఇక్కడ కొరత మనుషులది కాదు, నోటిఫికేషన్లది. కాంట్రాక్టు సిబ్బంది దగ్గరకొస్తే మాత్రం జీతమే అసలు గొడవ. 2023లో తెలంగాణలో సెకండ్ ఏఎన్ఎంలు (ఊళ్లలో పనిచేసే కాంట్రాక్టు ఆరోగ్య కార్యకర్తలు) సమ్మెకు దిగింది రెగ్యులర్ చేయమనే. పక్క కుర్చీలో అదే పని చేసే రెగ్యులర్ ఆవిడకు అంతకంటే ఎక్కువ వస్తుంటే ఎవరికి మాత్రం మనసు నిలుస్తుంది? వీళ్లకు జీతం పెంచడంలో రెండో ఆలోచన అక్కర్లేదు.

చిక్కంతా స్పెషలిస్టులతోనే. కేంద్రం వేసిన 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీలకు (పీహెచ్‌సీల కంటే పైస్థాయి సామాజిక ఆరోగ్య కేంద్రాలకు) కావలసిన సర్జన్లలో 83.2 శాతం, పిల్లల డాక్టర్లలో 81.6 శాతం కొరత. వీళ్లను జీతంతో లాగగలమా?

అందరికీ ఒకేలా పెంచితే లాగలేం. జిల్లా కేంద్రంలో పనిచేసే సర్కారు సర్జన్‌కు సాయంత్రం క్లినిక్ ఉండొచ్చు, అందులో వచ్చేది జీతాన్ని మించొచ్చు. (తెలంగాణ 2022లో కొత్తగా చేరేవాళ్లకు ప్రైవేటు ప్రాక్టీసు నిషేధించింది. పాతవాళ్ల క్లినిక్‌లు నడుస్తూనే ఉన్నాయి.) చింతూరులోనో ఉట్నూరులోనో క్లినిక్ పెడితే ఫీజు కట్టే రోగులు ఎంతమంది దొరుకుతారు? పైగా ఇంటి అద్దె భత్యం తమాషా చూడండి. తెలంగాణలో జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) పరిధిలో మూలవేతనంపై 24 శాతం ఇస్తే, పల్లెల్లో 11 శాతం. అద్దెలను బట్టి చూస్తే అది న్యాయమే. కానీ అడవి అంచున పోస్టింగ్ వచ్చిన డాక్టర్‌కు మాత్రం హైదరాబాద్‌లో ఉన్న బ్యాచ్‌మేట్ కంటే తక్కువ చేతికొస్తుంది. ఇద్దరికీ పదో ఇరవయ్యో శాతం పెంచినా ఈ తేడా అలాగే ఉంటుంది.

కాబట్టి పెంచితే ఊరిని బట్టి పెంచాలి. ఛత్తీస్‌గఢ్ 2009-10 ప్రాంతంలో రూరల్ మెడికల్ కోర్ పేరుతో ఊళ్లను కష్టమైనవి, బాగా కష్టమైనవి, చేరడానికే వీల్లేనివి అని విడదీసి అదనపు డబ్బు ఇచ్చింది. డబ్బుతో ఆగలేదు, క్వార్టర్సు, పీజీ ప్రవేశాల్లో అదనపు మార్కులు కూడా జత చేసింది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ‘యు కోట్ వీ పే’ పద్ధతీ ఉంది. ఎంత కావాలో డాక్టరే చెప్తాడు, ప్రభుత్వం ఇస్తుంది.

అయినా ఒక తలనొప్పి మిగిలే ఉంటుంది. ఎంత జీతమిచ్చి గైనకాలజిస్టును తెచ్చినా, మత్తు డాక్టర్ లేకపోతే ఆమె సిజేరియన్ చేయలేదు. ఓపీ చూసి, కాన్పు కష్టమైతే పాడేరు నుంచో అరకు నుంచో వైజాగ్ కేజీహెచ్‌కు రాసి పంపడమే. చదివిన చదువు చేతికి అందకుండా ఏళ్లు గడపడానికి మంచి డాక్టర్ ఎవరూ ఇష్టపడరు. ఒక్కొక్కరిని విడిగా కాకుండా గైనిక్, మత్తు, పిల్లల డాక్టర్లను ముగ్గురినీ ఒకే చోట నియమిస్తే జీతం పెంపుకు అర్థముంటుంది.

పీజీ సీటు బేరం వేరే రకం. పీహెచ్‌సీ డాక్టర్లకు ఇది జీతం కంటే పెద్ద ఎర. ఆంధ్రప్రదేశ్‌లో ఇన్‌సర్వీస్ కోటా (సర్కారు కొలువులో ఉన్న డాక్టర్లకు కేటాయించే పీజీ సీట్లు) తగ్గించినప్పుడు 2024లో వాళ్లు ఆందోళనకు దిగారు, 2025లో మళ్లీ దిగారు. అప్పటి డిమాండ్లలో గిరిజన భత్యం కూడా ఉంది, కానీ ముందు వరసలో నిలిచింది సీటే. ఈ కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. లోపం ఏంటంటే సీటు వచ్చిన రోజే పీహెచ్‌సీ ఖాళీ అవుతుంది. చదువు ముగిశాక ఆ స్పెషలిస్టు ఏ ఊరికి వెళ్లాలో ముందే రాయించుకోకపోతే, ప్రభుత్వ ఖర్చుతో పట్నానికి ఇంకో డాక్టర్‌ను తయారు చేసినట్టే.

చదువయ్యాక కొంతకాలం సర్కారులో చేస్తానని, లేదంటే జరిమానా కడతానని రాయించుకునే బాండు మాత్రం అన్నిటికన్నా చవక. ఏడాదికో బ్యాచ్ వస్తుంది, ఊరి మనుషులు, రోగాలు కాస్త తెలిసేసరికి వెళ్లిపోతుంది. డబ్బున్నవాళ్లు జరిమానా కట్టి తప్పుకుంటారు, లేనివాళ్లు చేస్తారు. ఖాళీ కుర్చీ కంటే నయమే, అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోలేం.

నన్నడిగితే పీహెచ్‌సీకి సీటు ఎర, ఏజెన్సీ స్పెషలిస్టుకు ఊరిని బట్టి భారీ భత్యం, కాంట్రాక్టు సిబ్బందికి నేరుగా జీతం. ముందు మాత్రం డెప్యుటేషన్లు ఆపాలి. జీతం ఏజెన్సీ పోస్టు మీద తీసుకుంటూ డ్యూటీ పట్నంలో చేసే ఏర్పాటు ఉన్నన్నాళ్లు, ఏ భత్యం పెంచినా అదీ పట్నంలోనే ఖర్చవుతుంది.

ఇవన్నీ కాక ఇంకో దారీ ఉంది. థాయ్‌లాండ్ 1994 నుంచి ఒక పథకం కింద గ్రామీణ విద్యార్థులనే ఏరి, వాళ్ల ప్రాంతపు ఆసుపత్రుల్లోనే వైద్యం నేర్పిస్తోంది. పాడేరులో 2024-25లో మెడికల్ కాలేజీ మొదలైంది. అందులో సీట్లు మాత్రం నీట్ ర్యాంకును బట్టే నిండుతాయి, మన్యం పిల్లలకంటూ విడిగా కొన్ని పెట్టే వీలుందేమో చూడాలి.