జీరో టికెట్టుతో పాత గుళ్ల దారిలో: రెండేళ్ల అనుభవం

2023 వేసవిలో, పై చదువుకు ఇటలీ వెళ్లిన మా అమ్మాయి దగ్గర ఇరవై రోజులున్నాను. రోమ్‌లో తను నన్ను హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సు ఎక్కించింది. పైన కప్పు లేని డబుల్ డెక్కర్. ఒక్క టికెట్ కొంటే రోజంతా ఏ స్టాపులో కావాలంటే అక్కడ దిగి, చూసినంతసేపు చూసి, వెనక వచ్చే బస్సు ఎక్కొచ్చు. చెవిలో పెట్టుకుని వినడానికి ఇయర్‌ఫోన్లు ఇచ్చారు కానీ అందులో తెలుగు లేదు. కొలోసియం దగ్గర దిగి నిలబడితే నాకెందుకో మా నల్లగొండ పక్కనున్న పానగల్లు గుర్తొచ్చింది. మిర్యాలగూడలో పుట్టి పెరిగి, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న అక్కడి పచ్చల సోమేశ్వరాలయం అప్పటికి ఒక్కసారే చూశాను, అది కూడా ఎవరిదో పెళ్లికి పోతూ.

ఆ ఏడాది డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. తెలంగాణలో ఆడవాళ్లు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బులు కట్టక్కర్లేదు, సున్నా రూపాయల 'జీరో టికెట్' ఇస్తారు. అప్పటి నుంచి నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం నేనూ మా వదినా బయల్దేరుతున్నాం. నాకు పాత రాళ్ల పిచ్చి. వదినకు గుడి ఉంటే చాలు, కాకపోతే అందులో దేవుడికి దీపం ఉండాలి. "దీపం పెట్టని గుడికి ఇంత దూరం ఎందుకమ్మా?" అని మొదటి రోజే అడిగింది. అయినా వచ్చింది. రెండేళ్లు దాటినా వస్తూనే ఉంది.

ఇది టూరిస్టు బస్సు కాదు, ఈ సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. రోమ్‌లో ఒక టికెట్ రోజంతా పనిచేసింది. ఇక్కడ ఎక్కిన ప్రతిసారీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి కొత్త జీరో టికెట్ తీసుకోవాలి. అసలు కార్డే సంచిలో పెట్టుకుంటాను. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో ఈ టికెట్ చెల్లదు, బోర్డు చూసి ఎక్కాలి. మగవాళ్లు తోడొస్తే వాళ్లు డబ్బులు పెట్టాల్సిందే. మా అన్న ఒకసారి వచ్చి, ఇంటికి చేరాక టికెట్లన్నీ టేబుల్ మీద పరిచి లెక్క చెప్పాడు. మళ్లీ రాలేదు.

మాకు బాగా కుదిరింది ఒక చుట్టు: మిర్యాలగూడ, నల్లగొండ, పానగల్లు, నకిరేకల్, సూర్యాపేట, పిల్లలమర్రి, మళ్లీ మిర్యాలగూడ. వెళ్లిన దారిన తిరిగి రావాల్సిన పనిలేదు. పొద్దున ఆరింటికి బయటపడితే చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. ఈ చుట్టు ఇప్పటికి ఏడుసార్లు తిరిగాం.

నల్లగొండలో దిగి నకిరేకల్ వైపు పోయే పల్లెవెలుగు ఎక్కితే పానగల్లు ఎంతో దూరం కాదు. మధ్యలో ఉదయ సముద్రం కట్ట కనబడుతుంది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళులు తవ్వించిన చెరువు ఇంకా నీళ్లతో ఉంది. పచ్చల సోమేశ్వరాలయంలో ముందు స్తంభాలు చూడండి, డెబ్బై దాకా ఉంటాయి. మొదటిసారి నేను లోపలే తిరిగి వచ్చేశాను, అది పొరపాటు. బయట గోడల చుట్టూ రామాయణ, భారత కథలు వరసగా చెక్కి ఉంటాయి. ఒక్కో బొమ్మ దగ్గర ఆగుతూ పోతే గంట తెలియకుండా గడుస్తుంది. ఆవరణలోనే మ్యూజియం ఉంది, శాసనాలూ విగ్రహాలూ అందులో పెట్టారు.

ఛాయా సోమేశ్వరాలయం అక్కడికి కొంచెం దూరంలో, పొలాల మధ్యన. ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడకే. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకునే త్రికూటాలయం ఇది. ఒక గర్భగుడిలో లింగం వెనక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా స్తంభం లాంటి నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. అది ఏదో ఒక్క స్తంభం నీడ కాదని, మండపంలోకి వచ్చే వెలుగును స్తంభాలు అడ్డుకునే తీరు వల్ల అలా ఏర్పడుతుందని చెబుతారు. నేను పదకొండింటికీ చూశాను, ఇంకోసారి నాలుగింటికీ చూశాను. నీడ అక్కడే ఉంది. వదిన ఆ నీడకే దండం పెట్టుకుంది. ఇక్కడ దీపం కూడా ఉంటుంది కాబట్టి ఈ గుడి మీద మా ఇద్దరి మధ్య పేచీ లేదు.

తర్వాత సూర్యాపేట దాకా బస్సు, అక్కడి నుంచి పిల్లలమర్రికి ఆటో. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల కాలపు గుళ్లు. ఎరకేశ్వరాలయం 1208లో కట్టించింది బేతిరెడ్డి భార్య ఎరకసాని. ఒక ఆడమనిషి కట్టించిన గుడికి ఆడవాళ్ల టికెట్టు మీద రావడం నాకు భలే సరదాగా అనిపించింది, వదినకు చెబితే ఆమె కూడా నవ్వింది. నల్లరాతి స్తంభాల నునుపు చూస్తే చేత్తో తడమకుండా ఉండలేం. నామేశ్వరాలయంలో వేలితో తడితే మోగే స్తంభం ఒకటి ఉంది, ఎవరినైనా అడిగితే చూపిస్తారు. కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఊరు ఇదే.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో ఉండే మా అక్కకు ఫోన్ చేసి "పిల్లలమర్రిలో ఉన్నా" అంటే "చెప్పకుండా వచ్చినవేందే, ఉండు, బువ్వ వండుతా" అంది. మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాలు పరుచుకున్న మర్రిచెట్టు పేరూ పిల్లలమర్రే కదా! పానగల్లూ రెండున్నాయి. వనపర్తి వైపు కోట ఉన్నది వేరే పానగల్లు. కాబట్టి బస్సు బోర్డు మీద ఊరి పేరొక్కటే చూసి ఎక్కొద్దు, ఏ దారిన పోతుందో కండక్టర్‌ను అడగండి.

ఈ పద్ధతి మమ్మల్ని ఏడిపించింది ఫణిగిరిలో. తప్పు బస్సుది కాదు, నాది. సూర్యాపేట నుంచి తిరుమలగిరి వైపు పోయే బస్సు ఎక్కి దిగాం. పాము పడగలా కనిపించే గుట్ట మీద బౌద్ధుల మహాస్తూపం, చైత్యగృహాలు అనే ప్రార్థన మందిరాలు, భిక్షువులుండే విహారాల పునాదులు ఉన్నాయి. ఇక్కడ దొరికిన తోరణం ముక్కలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లొచ్చాయి. 2024 తవ్వకాల్లో, నాగార్జునకొండ నుంచి ఏలిన ఇక్ష్వాకుల కాలపు సీసపు నాణేలు 3,730 ఒకేచోట బయటపడ్డాయి. ఆ వార్త చదివే నేను వదినను లాక్కుపోయాను. పైన గాలి, ఇటుకల వరసలు, చుట్టూ పొలాలు. మనుషులు లేరు, దీపం సంగతి సరేసరి. నేను ఒక్కో పునాది దగ్గర ఇది ఏమై ఉంటుందా అని కూర్చుంటే వదిన నీడ వెతుక్కుని పల్లీలు తింటూ కూర్చుంది.

దిగి వచ్చేసరికి పొద్దు గూకింది. స్టేజీ దగ్గర గంటన్నర నిలబడ్డా ఒక్క బస్సు లేదు. చివరి బస్సు టైం పొద్దున నేను అడగనే లేదు. అక్కడి ఒక పెద్దమ్మ మంచం వాల్చి కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. చివరికి అర్వపల్లి దాకా ఒక ఆటో దొరికింది. ఆటోవాలా అడిగిన డబ్బు చూస్తే, నాలుగు నెలల జీరో టికెట్లలో మిగిలింది ఆ ఒక్క రాత్రే పోయింది. ఇంటికి చేరేసరికి పదకొండున్నర. దారంతా వదిన ఒక్క మాట మాట్లాడలేదు, నాకు అదే ఎక్కువ టెన్షన్.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. దిగగానే గుడి ఎటు అని కాదు, తిరుగు బస్సు ఎన్నింటికి అని ముందు అడుగుతాం. ఒక్కరిని కాదు, కండక్టర్‌ను, స్టేజీ దగ్గర టీ కొట్టాయనను, ఇద్దరినీ అడగాలి. ఇద్దరూ ఒకే టైం చెబితే నమ్మొచ్చు. పెళ్లి ముహూర్తాలు, జాతరలు ఉన్న రోజుల్లో సీటు మీద ఆశ పెట్టుకోవద్దు. బస్టాండులోనే బాత్‌రూం పని చూసుకోండి, రాళ్ల దగ్గర ఆ సదుపాయం ఉంటుందని నమ్ముకోవద్దు.

అలంపురం మాత్రం ఇలా చూడ్డానికి బాగుంది. పాలమూరులో అక్క దగ్గర రాత్రి ఉండి, పొద్దున్నే కర్నూలు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కి అలంపురం చౌరస్తాలో దిగాం. జీరో టికెట్ రాష్ట్రం సరిహద్దు వరకే పనిచేస్తుంది, చౌరస్తా దానికి ఇవతలే ఉంది. అక్కడి నుంచి ఊళ్లోకి షేర్ ఆటోలు. బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు చూడాలంటే సగం రోజు ఉంచుకోండి. పేరుకు బ్రహ్మలు, అన్నీ శివాలయాలే. స్వర్గబ్రహ్మ ఆలయం మీది శిల్పాలు చూస్తూ మెడ నొప్పి పుట్టింది. కూడలి సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. జోగులాంబ అమ్మవారు ఉంది కాబట్టి వదిన అడిగింది లేదు, అలిగింది లేదు.

నాగార్జునకొండకు ఈ టికెట్ సాగర్ దాకానే. ద్వీపానికి లాంచీ ఎక్కాలి, దానికి డబ్బులు కట్టాలి, తిరుగు లాంచీ టైంకు కట్టుబడాలి. అక్కడ ఎక్కి దిగే స్వేచ్ఛ లేదు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుందని గుర్తుంచుకోండి.

మార్కులు వేయమంటే పానగల్లు చుట్టుకు ఐదుకు ఐదు, అలంపురానికి నాలుగు, ఫణిగిరికి రెండు. ఫణిగిరికి సొంత బండి ఉన్నవాళ్లు బండి మీదే పోవడం మేలు.

వచ్చే ఆదివారం దేవరకొండ కోట అనుకుంటున్నాం. గుట్ట ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవని, కింద ఊళ్లో చుట్టాల ఇంట్లో కూర్చుంటానని వదిన అంది. తిరుగు బస్సుల టైములు మాత్రం నిన్ననే బస్టాండుకు పోయి అడిగి, క్యాలెండర్ వెనక రాసిపెట్టింది.