లైనో చెక్కుడు సెట్టు: డిజైన్ కన్సల్టెంట్ సాయంత్రాలకు సరిపోతుందా?

బరంపురంలో కూర్చుని విశాఖకో, భువనేశ్వర్‌కో, బెంగళూరుకో డిజైన్ కన్సల్టింగ్ చేసేవాళ్లకి స్క్రీన్ బయట ఏదైనా చేద్దామనిపిస్తే మొదట కొనేది నీటిరంగుల పెట్టె. నీటిరంగు మధ్యలో ఆగదు. వాష్ (పల్చటి రంగుపూత) తడిగా ఉండగా క్లయింట్ ఫోన్ వస్తే, పది నిమిషాల తర్వాత వచ్చి చూసేసరికి అంచు కట్టి మరక మిగులుతుంది. లైనో చెక్కుడుకి, అంటే లైనో అనే మెత్తని పలక మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీసే పనికి, ఆ పేచీ లేదు. ఏ గీత దగ్గర వదిలితే మర్నాడు ఆ గీత దగ్గరే మొదలు.

ఇక్కడ చూస్తున్నది ఆన్‌లైన్‌లో చాలామంది మొదట తెప్పించుకునే సరంజామా: ఎర్ర ప్లాస్టిక్ పిడికి అయిదు బ్లేడ్లు, 3 మిల్లీమీటర్ల మందం బూడిదరంగు లైనో, 4 అంగుళాల రబ్బరు రోలర్, 37 మిల్లీలీటర్ల నల్ల వాటర్ బేస్ ఇంకు.

పిడి బోలుగా ఉంటుంది, బ్లేడ్లన్నీ దాని కడుపులోనే పడుకుంటాయి. సొరుగులో పెట్టి మర్చిపోవచ్చు. లోపం బ్లేడు పట్టే మరలో ఉంది. పది నిమిషాలు చెక్కేసరికి వదులై బ్లేడు అటూ ఇటూ ఊగుతుంది, గీత రెండు గీతలుగా చీలుతుంది. మధ్యమధ్యలో బిగించుకోవడం తప్ప వేరే మార్గం లేదు. అయిదింటిలో నిజంగా పనిచేసేవి మూడే: గీతలకు సన్నని వి (V) ఆకారపు బ్లేడు, కాస్త లావు గీతలకు పెద్ద వి, ఖాళీ తీయడానికి వెడల్పు యు (U). కత్తి బ్లేడు దాదాపు ముట్టుకోరు.

బ్లేడుని 20, 30 డిగ్రీలకు మించి నిలబెట్టొద్దు. లోతు ఒక మిల్లీమీటరు చాలు, ఒకటిన్నర దాటితే కింది గోనెపట్టు తగులుతుంది. వంపు తిరిగే చోట చెయ్యి తిప్పకుండా పలకనే తిప్పాలి. రెండో చెయ్యి ఎప్పుడూ బ్లేడు వెనకే ఉండాలి. జారిన బ్లేడు వేలిలో ఎంత లోతుకు దిగుతుందో దిగాకే తెలుస్తుంది. చెక్కపలకకి ముందొక పట్టీ కిందికి, వెనకొక పట్టీ పైకి కొట్టివ్వమంటే ఏ వడ్రంగైనా గంటలో చేసిస్తాడు. బల్ల అంచుకి తగిలించి, లైనోని దానికి ఆనించి చెక్కితే జారదు. బల్ల మాత్రం వేరేది చూసుకోవాలి. లైనో పొట్టు లాప్‌టాప్ కీల కిందికి వెళ్లిందంటే తీయడం ఇంకో హాబీ అవుతుంది.

అసలు అభ్యంతరం మణికట్టు గురించి. పగలంతా మౌస్ పట్టిన చేతికే సాయంత్రం ఈ పనీ పడుతుంది. పిడి బుర్రని అరచేతి గుంటలో ఆనించి భుజంతో తోయాలి. పెన్సిల్‌లా వేళ్లతో పట్టుకుంటే వారంలో నొప్పి మొదలవుతుంది. ఒక విడతకి అరగంట చాలు.

లైనో అంటే అవిసె నూనె, బెండుపొడి కలిపి జనపనార గుడ్డ మీద పరిచిన పలక. పాతబడేకొద్దీ నూనె గట్టిపడి, చెక్కుతుంటే పెళ్లలు లేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో గంజాం ఎండలకి దాన్ని వేరే వేడి చేయనక్కర్లేదు. కోరాపుట్, జయపురం వైపు చలికాలంలో మాత్రం పది నిమిషాలు ఎండలో పెడితేగానీ బ్లేడు దిగదు. వానాకాలంలో గోనెపట్టు తేమ పీల్చి పలక వంగుతుంది. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి లావు పుస్తకాల కింద పెట్టాలి. కడిగేటప్పుడు కుళాయి కింద పట్టొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

అచ్చు తిరగబడి పడుతుందని డిజైనర్లకు చెప్పక్కర్లేదు. అయినా తప్పేది ఇక్కడే. ట్రేసింగ్ పేపర్ మీద 6బి పెన్సిల్‌తో గీసి, బోర్లా వేసి చెంచాతో రుద్దితే అక్షరాలు వాటంతటవే తిరగబడి లైనో మీద పడతాయి. తెలుగు అక్షరాలతో చిక్కు వేరు. ద, ధ తేడా ఒక్క పుల్ల. ప, ఫ తేడా కూడా అంతే. ఆ పుల్ల 2 మిల్లీమీటర్లకన్నా సన్నగా ఉంటే చెక్కుడులో ఎగిరిపోతుంది, థ కడుపులో చుక్క ఇంకులో మునిగిపోతుంది. ఒడియా అక్షరాల పై గొడుగులకీ ఇదే గతి. అక్షరం ఎత్తు 15 మిల్లీమీటర్లకు తగ్గించకండి. తప్పు కోత పడితే ఎం-సీల్ నింపి, గట్టిపడ్డాక 400 నంబర్ సాండ్‌పేపర్‌తో రుద్దొచ్చు. అక్కడ మళ్లీ సన్న గీత మాత్రం రాదు.

మొదటి పలకకి నలుపు మీద తెల్లగీతల పద్ధతే మేలు. 1930లో దండి యాత్ర గాంధీని చిత్రకారుడు నందలాల్ బోస్ అలాగే చెక్కారు. తీసేది తక్కువ, పొరపాటూ తక్కువ కనిపిస్తుంది.

ఇంకు దగ్గర ఈ సెట్టు మార్కులు పోగొట్టుకుంటుంది. ఎండాకాలం ఫ్యాన్ కింద అయిదు నిమిషాలకే, ఇంకు పరిచే అద్దం మీద అట్టకడుతుంది. రెండు చుక్కల గ్లిజరిన్ కలిపితే నెమ్మదిస్తుంది. అదే గ్లిజరిన్ వానాకాలంలో కలిపితే గాలిలో తేమ లాగి అచ్చు రోజుల తరబడి చేతికి అంటుతూనే ఉంటుంది. ఎండిన అచ్చు మీద నీటిచుక్క పడినా కారుతుంది. రెండో ట్యూబు కొనేటప్పుడు సబ్బునీటితో కడిగే కాలిగో సేఫ్ వాష్ లాంటి నూనె ఇంకుకి మారడం తెలివైన పని. నాలుగైదు రోజులు దండెం మీద ఆరాలి, అంతే తేడా.

ఫోటో ఫ్రేముల కొట్లో అంచులు అరగదీసిన అద్దం ముక్క తెచ్చుకుని దానిమీద ఇంకు పరచండి. రోలర్ సన్నగా చిటపటమంటే సరిపడా ఉన్నట్టు. కమలాతొక్కలా బుడిపెలు లేస్తే ఎక్కువైనట్టు. ఒక్క మందపు పూతకన్నా మూడు పల్చటి పూతలు నయం. కాగితం 90 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల బరువు) చాలు. 300 జీఎస్ఎం మీద చేత్తో రుద్దితే మచ్చలుగా పడుతుంది. స్టీలు చెంచా వెనకవైపుతో మధ్య నుంచి అంచులకి రుద్ది, ఒక మూల ఎత్తి చూసుకోవాలి. మొదటి మూడు కాగితాలు పోయినట్టే లెక్క.

10 సెంటీమీటర్లకు 15 సెంటీమీటర్ల పలకకి చెక్కుడు మూడు నుంచి అయిదు గంటలు. అరగంటల చొప్పున ఆరు నుంచి పది సాయంత్రాల్లో అయిపోతుంది. అచ్చు వేయడం అలా కాదు. ఇంకు పరిచాక ఆగకూడదు, కడగడంతో కలిపి రెండు గంటలు ఒకే ఊపున కావాలి. దాన్ని ఆదివారానికి ఉంచండి. బొమ్మని ముందు కంప్యూటర్‌లో ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌తో నున్నగా దిద్దుకుని మొదలుపెట్టేవాళ్లున్నారు. అది ఆఫీసు పనికి ఓవర్‌టైమే.

ఈ అచ్చులు చూశాక చుట్టాలు శుభలేఖకి, క్లయింట్లు క్యాలెండర్‌కి అడుగుతారు. డబ్బు తీసుకునే ముందు 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ గుర్తుంచుకోవాలి. ఎవరైనా కోరి, డబ్బిచ్చి చేయించుకున్న చెక్కడపు అచ్చుకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు చేయించుకున్నవారే. ఈ చెక్కడాల్లోకి వుడ్‌కట్లు, ప్రింట్లు, అలాంటివన్నీ వస్తాయని అదే చట్టం నిర్వచనం చెబుతుంది. అందుకే అడ్వాన్సు పుచ్చుకోకముందే ‘కాపీలు మీవి, కాపీరైట్ నాది’ అని రాసి, సరేనని జవాబు తెప్పించుకోండి. కన్సల్టింగ్ ఒప్పందంలో ‘ఈ కాలంలో చేసిన పనంతా కంపెనీదే’ అనే వాక్యం ఉంటే, ‘ఈ ప్రాజెక్టు కోసం చేసిన పని’ అని దిద్దించాకే సంతకం పెట్టండి.