వరంగల్ ఎండకు టామియా ఎక్స్-20ఏ థిన్నర్ ఆగుతదా?

హన్మకొండ చౌరస్తా దగ్గర నాది మొబైల్ రిపేర్ షాపు. సోల్డరింగ్ అయినంక బోర్డు మీది ఫ్లక్స్ కడగాలె కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మేం ఐపీఏ అంటం, డబ్బాలకు డబ్బాలే ఉంటది. అందుకే ప్లాస్టిక్ మోడల్స్ చేసే దోస్తులు అడుగుతుంటరు: ‘ఇంట్ల ఐపీఏ పెట్టుకొని టామియా థిన్నర్ ఎందుకు కొంటున్నవే అన్నా?’ టామియా అంటే మోడల్ కిట్లు, వాటి రంగులు చేసే జపాన్ కంపెనీ; రంగును పల్చగ చేసే దాని థిన్నరే ఎక్స్-20ఏ. ఏ నెలల అడిగిండ్రన్న దాన్ని బట్టి ఉంటది నా జవాబు.

టామియా ఆక్రిలిక్‌ను నీళ్ల రంగు అంటరు గని అది ఆల్కహాల్‌ల మంచిగ కలిసే రంగు. ఎక్స్-20ఏ సీసల కూడ ఉన్నది ఐపీఏ, నీళ్లు, వాటితోపాటు కొంచెం గ్లైకాల్ ఈథర్. మనం పైసలు పెట్టేది ఆ ఆఖరిదానికే. అది మెల్లగ ఆరుతది. ఎయిర్‌బ్రష్, అంటే గాలితోని రంగు చిమ్మే చిన్న గన్ను, దాంట్ల నుంచి వచ్చిన రంగు చుక్క ప్లాస్టిక్ మీద తడిగ పడి, పక్క చుక్కతోని కలిసి, అప్పుడు ఆరాలె. ఉత్త ఐపీఏకు అంత ఓపిక లేదు.

మేల మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే. నేను రంగు కొట్టేది మిద్దె మీది అర్రల, పైన స్లాబు కాలుతుంటది. 1/35 సైజు టీ-55 ట్యాంకు మోడల్‌కు ఆలివ్ డ్రాబ్, ఎక్స్ఎఫ్-62, ఒక పక్క ఐపీఏతోని, ఇంకో పక్క ఎక్స్-20ఏతోని కొట్టి చూసిన. గన్ను అదే, 0.3 మి.మీ. నాజిల్, గాలి ప్రెషర్ అదే, 15 నుంచి 18 పీఎస్ఐ. ఐపీఏ పక్క టరెట్ (ట్యాంకు పైన తిరిగే భాగం) వేలికి గరుకుగరుకుగ తగిలింది, చుక్కలు గాలిలనే ఎండి పొడిగ పడ్డయి. గన్ను లోపలి సూది కొనకు రంగు గట్టిపడి, ఉండుండి తుప్పర్లు కొట్టింది. ఎక్స్-20ఏ పక్క సాఫుగ కూసున్నది. గట్లని మే మధ్యాహ్నం అది ఒక్కటే సరిపోదు. టామియాదే ఆక్రిలిక్ రిటార్డర్, అంటే రంగును మెల్లగ ఆరనిచ్చే ద్రవం, గన్ను కప్పుల రెండు మూడు చుక్కలు వేస్తున్న. ఎక్కువైతే రంగు ఆరనే ఆరదు, జర పైలం. లేదంటె పొద్దుగాల ఆరింటికే పని ముగించాలె. కూలర్ ముంగట మాత్రం కూసోకుర్రి, తేమ, దుమ్ము రెండూ రంగు మీదికే వస్తయి.

ఎంత కలపాలె? యూట్యూబ్ల అందరూ పాలలెక్క అంటరు. పాకెట్ పాలా, బర్రె పాలా? నేను కప్పు గోడను చూస్త. రంగును గోడకు ఎక్కిస్తే పల్చటి పొర మిగిల్చి కిందికి జారాలె. గోడకు పట్టుకొని ఉంటే చిక్కన, ఏమీ మిగలకుంటే నీళ్లు. ఎక్స్ఎఫ్ నంబర్ల మ్యాట్ (మెరుపు లేని) రంగులకు ఒక వంతు రంగుకు ఒకటి, ఒకటిన్నర వంతు థిన్నర్ పడుతది. కలిపే ముందు సీస అడుగుదాక కలియబెట్టాలె, మ్యాట్ పొడి అంతా అడుక్కే దిగుతది. కప్పుల ముందు థిన్నర్, తర్వాత రంగు పోస్త; చిక్కటి రంగు నేరుగ పోయి నాజిల్ల కూసోదు.

వానలు పడ్డంక, చలికాలంల, 99 శాతం ఐపీఏతోని కూడ పని నడుస్తది. చిన్న మోడల్‌కు తేడా కండ్లకు కనపడదు. మూత గట్టిగ పెట్టుర్రి, అది గాలిలోని తేమను గుంజుకుంటది. కరోనాల మిగిలిన శానిటైజర్ పోద్దామనుకునేటోళ్లకు ఒక మాట: దాంట్ల గ్లిసరిన్ ఉండొచ్చు, రంగు జిడ్డుజిడ్డుగ ఉండిపోతది. కార్లకు వాడే ఎన్‌సీ థిన్నర్ ప్లాస్టిక్‌ను తింటది. గన్ను లోహపు ముక్కలు కడుగుడుకు సరే, రబ్బరు రింగులను మాత్రం ముందే తీసి పక్కన పెట్టాలె. ఇగ వల్లెహో కంపెనీ రంగులు వాడేటోళ్లు ఇదంతా మర్చిపోండ్రి. అవి అసలైన నీళ్ల రంగులు, ఆల్కహాల్ తగిలితే గడ్డలు కడతయి. వాటికి వాటి థిన్నరే.

ఎక్స్-20ఏల నాకు నచ్చనిది ధర. పావు లీటరు సీస, లీటరు ఐపీఏ కంటె ఖరీదు. వరంగల్ దుకాణాలల్ల నాకు కనపడలేదు, ఆన్‌లైన్లనే తెప్పిస్తున్న. మండే సరుకు కాబట్టి విమానంల పంపరు, రోడ్డు మీద తాపీగ వస్తది. ఎండకాలం కోసం శివరాత్రికే ఆర్డర్ పెట్టుకోండ్రి. వాసన ఘాటు లేదని మోసపోవద్దు, కిటికి తెరిచి, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకోవాలె. బట్ట మాస్కు రంగు తుంపరనే ఆపుతది, ఆవిరిని ఆపదు.

46 మి.లీ. సీస ఒకసారి వాడి చూసేందుకే. నెలకొక మోడల్ చేసేటోళ్లు 250 మి.లీ.ది తీసుకోండ్రి. రంగుల కలుపుడుకు మాత్రమే వాడితే మస్తురోజులొస్తది. కప్పు కడుగుడుకు నా ఐపీఏ ఉండనే ఉన్నది. ఎక్స్-20ఏతోని గన్ను కడిగేటోళ్ల దగ్గర పైసలు ఎక్కువున్నట్టు.