నేరాల పటం గీయడం: విదేశీ సర్టిఫికెట్టా, ఇంటి దగ్గర సాధనా?

మా అక్క కూతురు నల్లగొండలో పీజీ ముగించి నేర విశ్లేషణ మీద మనసు పెట్టుకుంది. ఎక్కడ, ఏ వేళలో, ఏ తీరు నేరాలు జరుగుతున్నాయో పటం మీద పెట్టి చదవడమే ఆ పని. అమెరికా విశ్వవిద్యాలయం ఒకటి ఆన్‌లైన్‌లో ఇచ్చే సర్టిఫికెట్ వివరాలు ఫోనులో చూపించి, "మామయ్యా, ఇందులో చేరనా, ఇంట్లోనే నేర్చుకోనా?" అని అడిగింది. సర్వే పటాలతోనే నా బతుకు. అటువంటి సర్టిఫికెట్ మూడేళ్ళ క్రితం నేనూ పూర్తి చేశాను. ఆమెకు చెప్పినదే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా సర్టిఫికెట్‌కు దక్కాల్సిన మెప్పు. అది సాఫ్ట్‌వేర్ కన్నా ముందు ప్రశ్న వేయడం నేర్పుతుంది. అమెరికా నేరశాస్త్రవేత్త లారెన్స్ షెర్మన్ బృందం అక్కడి మినియాపొలిస్ నగరంలో ఒక ఏడాది పోలీసులకు వచ్చిన కాల్స్ పరిశీలించి 1989లో ఫలితం ప్రకటించింది. దాదాపు సగం కాల్స్ 3 శాతం చిరునామాల నుంచే వచ్చాయి! గస్తీ ఊరంతా పలచగా తిరగడం కన్నా కొన్ని చోట్ల నిలవడం ఎందుకు మేలో ఆ ఒక్క లెక్కతో నాకు అర్థమైంది. నేరం జరగాలంటే చేయాలనుకునే మనిషి, చేతికందే వస్తువు, కాపలా లేని వేళ మూడూ కలవాలని కోహెన్, ఫెల్సన్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు 1979లో చెప్పారు. ఆ పాఠం చదువుతుంటే నాకు వరి కోతల రోజులు గుర్తొచ్చాయి. ఇంటిల్లిపాదీ పొలానికి పోతే పట్టపగలే తాళాలు పగులుతాయి. ఇవన్నీ నాకు నేనుగా వెతుక్కుని చదివేవాణ్ణి కాను. గడువు పెట్టి రాయించారు కాబట్టి చదివాను.

కానీ అక్కడ అభ్యాసానికి ఇచ్చేది అమెరికా నగరాల సమాచారం. వీధి పేరు, ఇంటి నంబరు వరుసగా ఉంటాయి. పట్టిక ఎక్కించగానే పది నిమిషాల్లో చుక్కలన్నీ ఎవరి చోట వాళ్ళు కూర్చున్నట్టు పడ్డాయి. ఆ ధైర్యంతో మా ఊరికి వచ్చాను. పత్రికల నుంచి నలభై దొంగతనాల వార్తలు కత్తిరించి, చోట్లు రాసుకుని, అదే పద్ధతిలో పటం చేశాను. క్లాక్ టవర్ మీద ఎర్రటి మచ్చ వచ్చింది. పట్టణంలో దొంగతనాలన్నీ అక్కడే జరుగుతున్నాయని పొంగిపోయి ఇద్దరికి చూపించాను కూడా. మర్నాడు చుక్కలు ఒక్కొక్కటి విప్పి చూస్తే, రామగిరివీ పానగల్లువీ ప్రకాశం బజారువీ అన్నీ ఒకే చుక్క కింద ఉన్నాయి. చోటు దొరకని ప్రతి చిరునామానూ సాఫ్ట్‌వేర్ పట్టణం నడిబొడ్డున పడేసింది. ఆ మచ్చ దొంగలది కాదు, దొరకని చిరునామాలది. ఆ పటం పట్టుకుని ఎవరైనా గస్తీ మార్చి ఉంటే ఎంత అన్యాయం జరిగేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది.

మన ఎఫ్.ఐ.ఆర్. ఫారంలో స్టేషన్ నుంచి ఎంత దూరం, ఏ దిక్కు అని ఒక గడి ఉంటుంది. పల్లెల విషయంలో ఇంటి నంబరు కన్నా అదే నయం, అదీ ఉజ్జాయింపుగానే. ఇది నాకు ఏ కోర్సూ చెప్పలేదు. పాత జిల్లాల సంగతీ అంతే. 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలైంది. మహబూబ్‌నగర్ అప్పుడు నాలుగై, 2019లో నారాయణపేటతో ఐదైంది. 2015 నాటి జిల్లా లెక్కనూ 2017 నాటి లెక్కనూ పక్కపక్కన పెట్టి నేరాలు తగ్గాయనడం శుద్ధ తప్పు.

ఇక ఇంట్లో నేర్చుకునే దారి. 2002లో మొదలైన క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. ఇస్రో కింద ఉన్న డెహ్రాడూన్ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉపగ్రహ చిత్రాల, పటాల పాఠాలు చెప్పి సర్టిఫికెట్ ఇస్తుంది. విదేశీ కోర్సుల ఫీజు చాలాసార్లు వేల డాలర్లలో ఉంటుంది. ఇక్కడ ఖర్చు కరెంటు, నెట్టు మాత్రమే. కష్టమల్లా తప్పు చేస్తే చెప్పేవారు లేకపోవడం. మహబూబ్‌నగర్ వైపు పనిచేసేవారికి ఒక హెచ్చరిక: 78వ రేఖాంశం ఆ పట్టణాన్ని ఆనుకునే పోతుంది. భూమిని నిలువు పట్టీలుగా (జోన్లుగా) విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎమ్ పద్ధతిలో దానికి పడమర 43వ జోన్, తూర్పు 44వ జోన్. జోన్ చూసుకోకుండా దూరాలు కొలిస్తే లెక్క తప్పుతుంది. నల్లగొండకు ఆ బెడద లేదు.

హైదరాబాద్‌లో రెండేళ్ళు ఉండి జియోఇన్ఫర్మాటిక్స్, అంటే కంప్యూటర్ మీద పటాల సమాచారాన్ని విశ్లేషించే శాస్త్రం, చదవడం మూడో దారి. ఉద్యోగమే ముఖ్యమైతే అదే మంచిది, ఎందుకంటే పటాల పని నీటిపారుదలలో, భూమి రికార్డుల్లో కూడా ఉంటుంది. అమెరికా పోలీసు శాఖల్లో నేర విశ్లేషకులని విడిగా ఉద్యోగాలున్నాయి. మన దగ్గర ఆ పని ఎక్కువగా పోలీసు సిబ్బందే చూసుకుంటారు. విదేశీ కాగితం చూపగానే ఇక్కడ కొలువు దొరుకుతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు.

నా తీర్పు ఇది. ముందు ఆరు నెలలు ఉచిత దారి. అప్పటికీ ఈ పని మీద ఆశ తగ్గకపోతే, అప్పు చేయకుండా కట్టగలిగితే సర్టిఫికెట్. పోలీసు శాఖలో ఇప్పటికే ఉన్నవారు మాత్రం నేరుగా సర్టిఫికెట్‌కే పోవచ్చు. వారికి చిరునామాల సంగతి నేను చెప్పనక్కరలేదు. ఎవరు ఏ దారిన పోయినా స్త్రీల మీద, పిల్లల మీద జరిగిన నేరాలను ఇంటిని గుర్తుపట్టేలా పటం మీద పెట్టవద్దు.

మా పిల్ల ఒప్పుకుంది. వచ్చే ఆదివారం ఇద్దరం రామగిరి నుంచి నడుచుకుంటూ, ఇంటి నంబర్ల వరుస ఎక్కడ తెగి ఎక్కడ మళ్ళీ మొదలవుతుందో ఫోనులో గుర్తులు పెట్టబోతున్నాం.